హోప్ దీవి దారిలో ఆగిన ఇంజను

బొగ్గు గనుల నడుమ వెలసిన మా విద్యుత్కేంద్రపు టౌన్‌షిప్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు సంక్రాంతి సమీపిస్తున్నదంటే మనసు సొంత ఊరివైపు మళ్ళుతుంది. సెలవు దరఖాస్తులు, రైలు టిక్కెట్లు, క్వార్టరు తాళం ఎవరికి అప్పగించాలన్న చర్చలు డిసెంబరులోనే మొదలవుతాయి. ఈ ఏడాది మెకానికల్ నిర్వహణ విభాగానికి చెందిన మేము ముగ్గురం, మా కుటుంబాలతో కలిసి పదకొండుమందిమి, రాత్రంతా ప్రయాణించి సామర్లకోట జంక్షనులో దిగాము. అక్కడి నుండి కాకినాడ చేరేసరికి ఉప్పుగాలి మమ్మల్ని పలకరించింది. బూడిద, బొగ్గుపొడి తప్ప మరొకటి ఎరుగని ఊపిరితిత్తులకు ఆ గాలి ఎంతటి ఉపశమనమో మా పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

పండుగ మూడు రోజులూ బంధువుల ఇళ్ళలో గడిచాక, ముక్కనుమ వెళ్ళిన మరునాడు హోప్ దీవికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. కాకినాడకు తూర్పున, సముద్రానికి అడ్డుగా చాచిన చేయివలె సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఉన్న ఇసుకదిబ్బ అది. గోదావరి తెచ్చిన మట్టీ, ఇసుకా రెండు శతాబ్దాలకు పైగా పేరుకొని ఏర్పడింది. బంగాళాఖాతపు కెరటాలను అది తన వీపుమీద కాచుకోబట్టే లోపలి అఖాతం చెరువులా నిశ్చలంగా ఉంటుంది. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకొని నిలబడితే, చిన్న నావలూ బార్జీలూ సరుకును ఒడ్డుకూ ఓడకూ మధ్య చేరవేయడం ఈ రేవుకు తరతరాల ఆనవాయితీ. 1990ల్లో లోతునీటి రేవు వచ్చిన తరువాత కూడా ఆ చేరవేత ఆగిపోలేదు.

ప్రయాణం జగన్నాథపురం వైపు ఉప్పుటేటి నుండి మొదలైంది. ఇప్పుడు లారీలూ ఐసు గంపలూ కిక్కిరిసిన ఈ ఒడ్డున 1734 నుండి 1825 వరకు డచ్చివారి వర్తక స్థావరం ఉండేది. నడుమ కొన్నిసార్లు ఆంగ్లేయుల చేతికి పోయి తిరిగి వచ్చింది. నేడు ఆ వైభవానికి గుర్తులు వెతుక్కోవలసిందే గాని, పడవలు మాత్రం అప్పటివలెనే ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకొని నిలుచుంటాయి. డీజిలు, ఎండుచేప, తారు కలిసిన వాసన ఒకటి అక్కడ ఎల్లవేళలా ఉంటుంది. మా ఇల్లాళ్ళు ముక్కుకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మాకు మాత్రం, నిజం చెప్పవద్దూ, అది మా వర్క్‌షాపు వాసనలాగే తోచింది.

పడవ మాలో ఒకరి బాల్యమిత్రునిది. రెండు సిలిండర్ల డీజిలు ఇంజను బిగించిన కొయ్య పడవ. తీరగ్రామాల మధ్య సామానూ మనుషులనూ చేరవేస్తుంది. అటవీశాఖ అనుమతి తీసుకొని, అందరమూ లైఫ్ జాకెట్లు తొడుక్కొని ఉదయం ఆరున్నరకు ఎక్కాము. 2019 సెప్టెంబరులో గోదావరిమీద కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదం తరువాత ఈ జాకెట్ల విషయంలో ఎవరూ నవ్వులాటలాడటం లేదు.

బయలుదేరబోయే ముందు సరంగు ఇంజను పక్కన గొంతుకూర్చొని, చేత స్పానరు పట్టుకొని మావైపు తిరిగాడు. "ఒక్క అయిదు నిముషాలండీ, గిన్నెలో నీళ్ళు తీసేసి బయల్దేరదాం," అన్నాడు. టాంకికీ పంపుకూ మధ్య, డీజిలులోని నీరు అడుగున చేరడానికి ఉంచిన చిన్న గిన్నె గురించి అతడు చెబుతున్నది. పాటు మొదలై నీరు తీస్తున్నది. ఏటి ముఖద్వారం వద్ద ఇసుకమేట తేలకముందే దాటాలని మిత్రుడే చెప్పి ఉన్నాడు. పిల్లలు అప్పటికే అసహనంగా ఉన్నారు. "వచ్చాక చూసుకోవచ్చులెండి సరంగుగారూ, ఇప్పుడు ఆలస్యమవుతుంది," అన్నాము. ఆయన మారు పలుకక స్పానరు పెట్టెలో వేశాడు. యంత్రాల నిర్వహణతో జీతం తీసుకునే ముగ్గురం ఆ మాట అన్నాము. దానిని ఇక్కడ దాచిపెట్టడం భావ్యం కాదు.

దీవి మీద గడిపిన పగటిపూట గురించి ఎంతైనా రాయవచ్చు. ఒకవైపు సముద్రం హోరు, మరోవైపు అఖాతపు నిశ్శబ్దం, నడుమ ఇసుకా సరుగుడు చెట్లూను. ఈ ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ వచ్చి గుడ్లు పెట్టి పోతాయి. దక్షిణాన దూరంగా ఆకుపచ్చని గీతలా కోరంగి మడ అడవులు కనిపిస్తాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవుల్లో బావురుపిల్లులూ నీటికుక్కలూ నివసిస్తాయి. ఒకనాడు అక్కడి కోరంగి రేవు నుండి తెలుగు కూలీలు బర్మాకు ఓడలెక్కేవారు. అందుచేతనే ఆ దేశంలో తెలుగువారందరికీ 'కోరంగీలు' అన్న పేరు పడింది. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు ఆ రేవును ఊడ్చిపెట్టాయి. పులిహోర పొట్లాలు విప్పుకుంటూ పిల్లలకు ఈ సంగతులు చెబుతుంటే, "అయితే మనమూ కోరంగీలమేనా?" అని అడిగింది మాలో ఒకరి చిన్నమ్మాయి. ఊరు వదలి ఉద్యోగానికి వెళ్ళినవారి పిల్ల అడిగిన ఆ ప్రశ్నకు మేము నవ్వి ఊరుకున్నాము.

తిరుగు ప్రయాణం సాయంత్రం నాలుగున్నరకు. మళ్ళీ పాటు మొదలైంది. గాలి కాస్త లేచి అఖాతం చిన్న చిన్న అలలతో కదలాడుతున్నది. సగం దూరం వచ్చాక ఇంజను శబ్దం మారింది. మొదట వేగం తగ్గి, తిరిగి పెరిగి, ఊపిరి అందని మనిషిలా రెండు మూడుసార్లు తొట్రుపడి, ఆగిపోయింది. అటువంటి నిశ్శబ్దం మాకు కొత్తది కాదు. టర్బైను ట్రిప్పయినప్పుడు కంట్రోలు రూములో ఇటువంటి నిశ్శబ్దమే అలముకుంటుంది. కాని అక్కడ మా కాళ్ళకింద నేల ఉంటుంది.

సరంగు కంగారుపడలేదు. ముందుగా కళాసీ చేత లంగరు వేయించాడు. అఖాతం లోతు తక్కువ, అడుగు బురద. లంగరు పట్టింది. పట్టకపోయి ఉంటే పాటు మమ్మల్ని ఉత్తరంగా, పెద్ద నావలు తిరిగే దారిలోకి ఈడ్చుకుపోయేది. ఆ దిశలో బార్జీ ఒకటి దీపం వెలిగించుకొని కదలడం కనిపిస్తూనే ఉన్నది. చీకటి పడుతున్నది. పెద్దవాళ్ళు మాట్లాడటం మానేశారు. చిన్నమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది.

ఇంజను గదిలోకి మేమూ దిగాము. సరంగు గిన్నె విప్పి టార్చి వెలుగులో చూపించాడు. అడుగున బొటనవేలి మందాన నీరు, దానిపైన నల్లని జిగురు. ఉదయం అయిదు నిముషాలలో పారబోయవలసినది అదే. అతడు ఒక్క మాటైనా అనలేదు. గిన్నె కడిగి బిగించి, ఫిల్టరు తలమీది మర వదులు చేసి, పంపు కిందనున్న చేతిమీటను నొక్కడం మొదలుపెట్టాడు. మీటకు బలమే తగలలేదు. పంపు పాడైందని మేము నిర్ధారించుకోబోయేంతలో అతడు ఫ్లైవీలును చేత్తో పావు చుట్టు తిప్పాడు. లోపలి కామ్ మీటను పూర్తిగా ఎత్తిపట్టిన చోట ఇంజను ఆగితే చేతిమీట పనిచేయదని, కాస్త తిప్పితే పట్టు దొరుకుతుందని మాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. మర పక్క నుండి నురుగు వచ్చింది, బుడగలు వచ్చాయి, ఎంతో సేపటికి గాని బుడగలు లేని నూనె రాలేదు. ఎయిర్ తీయడమంటే ఇదే. ఆ తరువాత నాజిల్ గొట్టాల నట్లు వదులు చేసి, హ్యాండిలు వేసి తిప్పితే ఇంజను అందుకున్నది. కాని సగం వేగం దాటితే మళ్ళీ ఊపిరాడనట్లే కొట్టుకుంటున్నది. ఆ సగం వేగంతోనే రాత్రి ఎనిమిది గంటలకు ఉప్పుటేటిలో అడుగుపెట్టాము.

ఆ రాత్రి ఇంట మాకు దొరికిన స్వాగతం గురించి వివరించబోము. మరునాటి ఉదయం మేము ముగ్గురం మాత్రం పడవ దగ్గరకు వెళ్ళాము. తప్పు మాది గనుక, ఖర్చులో పాలు పంచుకుంటామని మిత్రునితో చెప్పాము. అతడు మొహమాటపడి, "వేసవిలో పడవను ఒడ్డుకెక్కించినప్పుడు అన్నీ ఒకేసారి చూద్దామనుకున్నానండీ," అన్నాడు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం. ఊళ్ళోని ఇంజను మరమ్మతులన్నీ ఆ రోజులకే వాయిదా పడుతూ ఉంటాయి. జనవరి నుండి ఏప్రిల్ వరకు అంటే మూడు నెలలు. మూడు నెలలపాటు ఈ పంపుతో తిరగవచ్చునా అన్నదే ప్రశ్న.

దానికి జవాబు డిప్‌స్టిక్కు చెప్పింది. ఇంజనులో ఆయిలు మట్టం చూద్దామని కడ్డీ తీస్తే పై గీతకు వేలెడు ఎత్తున ఉన్నది. తరగవలసిన ఆయిలు పెరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిలు వాసన. వేళ్ళ మధ్య రాస్తే నీళ్ళలా పలుచన. సరంగుతోపాటు ఇంజనును చూసే మేస్త్రీగారు, డెబ్బై ఏళ్ళ వృద్ధుడు, తల ఊపి, "డయాఫ్రమ్ చిల్లు పడిందండీ," అన్నారు. పంపులోని రబ్బరు పొర చిరిగి డీజిలు ఇంజను పొట్టలోకి దిగుతున్నది. ఒకవంక ఇంజనుకు నూనె చాలడం లేదు. మరొకవంక బేరింగులను కాపాడవలసిన ఆయిలు సారం కోల్పోతున్నది. గిన్నెలో నీరు మా తొందరపాటు ఫలితమే గాని, ఆ చిల్లు ఎన్నాళ్ళ నుండి ఉన్నదో. నీరు పారబోసి వెళ్ళినా ఆ పంపు మరి కొన్నాళ్ళకు ఎక్కడో ఒకచోట మోసం చేసేదే.

పాత పంపును విప్పి, సంచిలో వేసుకొని, ఇంజను నంబరు పలక మీది అంకెలు చీటీమీద రాసుకొని నలుగురం వంతెన దాటి విడిభాగాల దుకాణానికి నడిచాము. దుకాణదారు బల్లమీద ఒకటి కాదు, మూడు రకాలు పేర్చాడు. మొదటిది అచ్చం పాతదాని ముఖమే గల చవక పంపు. రెండవది ఇంజను తయారీదారు పెట్టెలో వచ్చినది, ధర మొదటిదానికి మూడింతలు. మూడవది నిగనిగలాడే 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు. వీటితోపాటు పాత పంపునే బాగుచేసుకోవడానికి డయాఫ్రమ్, స్ప్రింగు, వాల్వులు ఉన్న కిట్టు.

మాలో ఒకరికి ఎలక్ట్రిక్ పంపు మీద మనసు పోయింది. మీట లేదు, కామ్ లేదు, చిరిగి ఇంజనులోకి నూనె దిగే బాధ లేదు. ఎయిర్ తీయాలంటే స్విచ్చి నొక్కితే చాలు. ఈ వాదన మేము మంచి ధీమాతో వినిపించాము. మేస్త్రీగారు అంతా విని, "బ్యాటరీ చచ్చిపోయిన రోజున ఏం చేస్తారు ఇంజనీరుగారూ?" అని అడిగారు. నిన్న రాత్రి హ్యాండిలు వేసి తిప్పిన ఇంజను మా కళ్ళముందు మెదిలింది. ఆ పడవకు బ్యాటరీ ఉన్నది దీపాల కోసమూ సెల్ఫ్ కోసమూ. అది లేకున్నా ఇంజను నడుస్తుంది. ఎలక్ట్రిక్ పంపు పెట్టిన క్షణం నుండి ఆ స్వాతంత్ర్యం పోతుంది. ఉప్పుగాలికి తీగల కొసలు పచ్చబారి తినబడితే నూనె ఆగిపోతుంది. అంతకంటె అపాయకరమైనది మరొకటి ఉన్నది. ఏదైనా గొట్టం పగిలి ఇంజను ఆగినా, ఈ పంపు మాత్రం తన పని తాను చేసుకుంటూ డీజిలును పడవ అడుగుకు పోస్తూనే ఉంటుంది. ఆయిలు ప్రెషరు పడిపోగానే పంపును ఆపే స్విచ్చి కూడా కలిపి వైరింగు చేస్తే తప్ప దానిని నమ్మరాదు. పెద్ద పడవలలో, చూసుకునే ఎలక్ట్రీషియను ఉన్నచోట, దానిని రెండవ పంపుగా ఉంచుకోవడం మంచిదే. ఇద్దరు మనుషులు నడిపే ఈ కొయ్య పడవకు తగినది కాదు.

ఇక మిగిలినవి కవలల వంటి రెండు పంపులు. మిత్రుని చూపు సహజంగానే చవకదాని మీద ఉన్నది. మేస్త్రీగారు మూడింటినీ, అంటే పాతదానితో సహా, పక్కపక్కన బోర్లా పెట్టించారు. బోల్టు రంధ్రాల దూరం సమానమే. నూనె వచ్చే, పోయే దారులు ఒకేవైపు. కాని ఇంజను లోపలికి వెళ్ళి కామ్ మీద ఆనే మీటను చూడమన్నారు. చవకదాని మీట వంపు కాస్త వేరు, కొస రెండు మిల్లీమీటర్లు పొట్టి. రెండు మిల్లీమీటర్లే గదా అనిపించింది. ఆ రెండు మిల్లీమీటర్లు మీట కొసన పోతే డయాఫ్రమ్ కదలిక ఆమేరకు తగ్గుతుంది. నెమ్మదిగా నడిచినప్పుడు తెలియదు. పూర్తి బరువుతో, ఎదురు అలలో పరుగెత్తవలసి వచ్చినప్పుడే నూనె చాలదు. మీట పొడవు ఎక్కువైతే మరొక రకం ముప్పు. కామ్ దానిని విరిచివేస్తుంది. పంపుకూ ఇంజనుకూ మధ్య వేసే ప్యాకింగు మందం కూడా ఇదే లెక్కలోకి వస్తుందని, పల్చటి ప్యాకింగు దొరకలేదని రెండు వేసి బిగించేవారి పంపులు అందుకే పనిచేయవని ఆయన చెప్పారు. పీల్చే రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి మీట నొక్కితే, మంచి పంపు వేలిని పట్టి కాసేపు వదలదు. ముగ్గురమూ వంతులవారీగా వేలు పెట్టి చూశాము. పెట్టెలోని పంపు పట్టుకున్నది. చవకది పట్టి వెంటనే వదిలేసింది. పాతది అసలు పట్టనే లేదు.

మూడింతల ధరకు మిత్రుడు నిట్టూర్చాడు. వాటా ఇస్తామన్న మాటమీద మేము నిలబడ్డాము. కిట్టు కూడా కొనమన్నారు మేస్త్రీగారు. పాత పంపు మీట పిన్ను అరిగి పక్కలకు ఊగుతున్నది గనుక దానిని రోజూ వాడలేము. అయినా కొత్త డయాఫ్రమ్ వేసి పెట్టెలో ఉంచితే, నడిసముద్రంలో ఒడ్డు చేరేంతవరకు పనికివస్తుంది.

ఫిల్టర్ల దగ్గరకు వచ్చేసరికి మా విద్య మరోమారు బయటపడింది. దుకాణంలో 2 మైక్రానుల ఫిల్టరు ఒకటి ఉన్నది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఎంత సన్నని వడపోత అయితే ఇంజనుకు అంత మేలు గదా, గిన్నె స్థానంలో దీనినే టాంకికీ పంపుకూ మధ్య పెడితే పీడ విరగడవుతుందని ప్రతిపాదించాము. మేస్త్రీగారు చిరునవ్వుతో, "పీల్చేవైపా, నెట్టేవైపా?" అని మాత్రం అన్నారు. ఆ ప్రశ్నకు సిగ్గుపడవలసినది మేమే. మా కేంద్రంలో బాయిలరు ఫీడ్ పంపులకు పీల్చేవైపు ఉన్న స్ట్రెయినరు మూసుకుపోతున్నదని అలారం మోగితే పరుగెత్తేది ఎవరు? పంపు ఎంత బలమైనదైనా నెట్టడంలోనే దాని బలం. పీల్చేటప్పుడు దానికి తోడ్పడేది వాతావరణపు ఒత్తిడి మాత్రమే. పీల్చేవైపు సన్నని ఫిల్టరు పెడితే అది కొద్దిగా మూసుకోగానే పంపు ఎండిపోతుంది. అంతేకాదు, ఆ వైపు ఎక్కడైనా వాషరు వదులైతే డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి చొరబడుతుంది. కారినది కనిపిస్తుంది గాని చొరబడినది కనిపించదు. అందుచేత పీల్చేవైపు నీటినీ ముతక మలినాలనూ ఆపే 30 మైక్రానుల ఫిల్టరు, అడుగున నీరు తీసే మర ఉన్నది తీసుకొని, సన్నని వడపోతను పంపు దాటాక ఉన్న జంట ఫిల్టర్లకే వదిలిపెట్టాము.

ఆ జంటలో మొదటిది గుడ్డ ఎలిమెంటు, రెండవది కాగితపు ఎలిమెంటు. మన దేశపు లారీలలో, ట్రాక్టర్లలో దశాబ్దాలుగా ఉన్న అమరికే. 1951లో బెంగళూరులో స్థాపించిన మైకో కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా, కోస్తా మేస్త్రీల నోట అది ఈనాటికీ 'మైకో ఫిల్టరే'. పడవలో విప్పి చూస్తే రెండు గూళ్ళలోనూ కాగితాలే ఉన్నాయి. అందులో ఒకటి డీజిలులో కడిగి మళ్ళీ వాడినది. ఎప్పుడో గుడ్డది దొరకక ఎవరో కాగితం వేశారు. మురికి అంతా మొదటి కాగితానికే పట్టి దారి మూసింది. గుడ్డ ఎలిమెంటునైనా కొంతవరకు కడగవచ్చునేమో గాని, కాగితాన్ని కడిగితే దాని రంధ్రాలు చెదిరి, ఆపవలసినదానిని ఆపదు, పోనివ్వవలసినదానిని పోనివ్వదు.

ఫిల్టరు పరిమాణం కూడా ఇంజను మండించే నూనెను బట్టి ఎంచరాదు. పంపు అంతకంటె ఎక్కువ నెడుతుంది. మిగిలినది తిరుగు గొట్టం గుండా టాంకికి చేరుతుంది. ఆ మొత్తమూ పోగల ఫిల్టరు కావాలి. దుకాణదారు ముందుగా ఇవ్వబోయిన ఫిల్టరుకు కింద పారదర్శకమైన ప్లాస్టిక్ గిన్నె ఉన్నది. నీరు పైకే కనిపిస్తుంది గదా అని మాకు నచ్చింది. ఇంజను గదిలో నిప్పు పుడితే మొదట కరిగేది అదేనని, కరిగిన మరుక్షణం టాంకిలోని నూనెకు దారి దొరుకుతుందని సరంగు అన్నాడు. లోహపు గిన్నె ఉన్నది తీసుకున్నాము. తిప్పి బిగించే మరొక ఫిల్టరు చూడటానికి సరిపోయినట్లే ఉండి, రెండు చుట్లు తిరిగి బిగుసుకున్నది. మర రకం వేరు. బలం ఉపయోగిస్తే ఇంకో చుట్టు తిరిగేదేమో, తల మర చెడిపోయేది. రాగి వాషర్లు కొత్తవి డజను, గుడ్డ అల్లిక ఉన్న డీజిలు రబ్బరు గొట్టం రెండు మీటర్లు, క్లిప్పులు. పాత తెల్లని ప్లాస్టిక్ గొట్టం అప్పటికే డీజిలుకు గట్టిబడి వెదురుబద్దలా ఉన్నది.

బిగింపు రోజంతా పట్టింది. టాంకి కడగకుండా కొత్త ఫిల్టర్లు వేయడం వృథా అని మేస్త్రీగారు పట్టుబట్టారు. టాంకి మూత విప్పి చూస్తే అడుగున అదే నల్లని జిగురు. డీజిలుకూ నీటికీ మధ్య సరిహద్దులో పెరిగే సూక్ష్మజీవుల అవశేషం అది. నిలకడగా ఉన్నంతకాలం అడుగున పడి ఉంటుంది. అఖాతంలో సాయంత్రపు అలలు లేవగానే అది కూడా లేచింది. తుడవడానికి మేము కాటన్ వేస్టు తీయబోతే సరంగు చేయి పట్టుకున్నాడు. దాని పీచులు మిగిలితే అవే రేపు ఫిల్టరుకు చుట్టుకుంటాయి. పాత నూలు పంచెలు చింపి తుడిచాము. ఇంజను ఆయిలు పూర్తిగా దించి, ఆయిలు ఫిల్టరుతో సహా కొత్తది పోశాము. దించిన ఆయిలు డబ్బాలలో నింపి, ఏటిలో పోయకుండా పాత ఆయిలు కొనేవారికి పంపించాడు మిత్రుడు. పంపు బిగించాక, ఫిల్టరుకు వెళ్ళే గొట్టం ఊడదీసి సోడా సీసాలో పెట్టి ఇంజనును తిప్పాము. మీట కదిలినప్పుడల్లా ఒక్కో గుక్క సీసాలో పడింది. చూసేవారికి ఇది ఏమంత వేడుక కాదు. మాకు మాత్రం మొదటిసారి యూనిటు సింక్రొనైజు అయిన రాత్రి గుర్తుకు వచ్చింది.

సెలవు ఇంకా ఒక్క రోజు మిగిలి ఉన్నది. ఆ రోజు సరంగు పడవను దక్షిణంగా మడ అడవుల అంచు వరకు నడిపాడు. ఈసారి పడవలో మేము ముగ్గురం, మిత్రుడు, ఇద్దరు పిల్లలు. పెద్దవాళ్ళు ఎవరూ రాలేదు. వారిని తప్పుపట్టలేము. తిల్ల చెట్లూ మడ చెట్లూ వేళ్ళు ఊనుకొని నీటిలో నిలుచున్నాయి. పాటుకు బయటపడిన బురదమీద కొంగలు బారులు తీరాయి. రెండు గంటలు, అందులో ఒక గంట పూర్తి వేగంతో, ఇంజను ఒకే స్వరంతో నడిచింది. ఒకచోట ఆపి డిప్‌స్టిక్కు తీశాము. ఆయిలు ఉదయం ఉన్న గీతమీదనే ఉన్నది. వాసన చూశాము. డీజిలు లేదు.

తిరుగుముఖం పట్టబోయే ముందు సరంగు పెట్టెలోంచి స్పానరు తీసి మావైపు ఒకసారి చూశాడు. పాటు జోరుగా ఉన్నది, ముఖద్వారం దగ్గర నీరు తీస్తున్నది. ఎవ్వరమూ మాట్లాడలేదు. అతడు గిన్నె అడుగు మర వదులు చేసి డబ్బాలోకి దించాడు. నాలుగైదు బొట్లు నీరు, ఆ తరువాత తేటైన డీజిలు. మర బిగించి చేతులు తుడుచుకొని, ఎర్ర రంగు కుంచెతో కొత్త ఫిల్టరు మీద ఆ రోజు తేదీ వేశాడు. "మళ్ళీ సంక్రాంతికి వస్తారు గదండీ, అప్పటికి ఇది రెండుసార్లు మారుతుంది," అన్నాడు.

ఆ సాయంత్రం కాజాల పొట్లాలతో సామర్లకోట చేరి రైలెక్కాము. డయాఫ్రమ్ మార్చిన పాత పంపు పడవ పెట్టెలోనే ఉన్నది.